తొలి నవల: ఆశలు, అనుమానాలు

మన సంఘంలో కథలు వ్రాసినవారు కొందరున్నారు. పద్యం అల్లగలవారు ఒకరిద్దరున్నారు. పండుగ సంచికకు వ్యాసం పంపేవారికి ఏనాడూ లోటు లేదు. అయితే, "ఒక పెద్ద నవల వ్రాయాలని ఉందండీ" అని గొంతు తగ్గించి చెప్పేవారు వీరందరికన్నా ఎక్కువమంది ఉన్నారంటే పాఠకులు నమ్మకపోవచ్చు. ఆ మాట అనేటప్పుడు వారి ముఖంలో ఒక వెలుగు, వెనువెంటనే ఒక జంకు కనబడతాయి. ఎంతవరకు వచ్చిందని అడిగితే, "మొదలైతే పెట్టాను గాని..." అని నవ్వేస్తారు. ఆరంభశూరత్వం మనవారికి పుట్టుకతో వచ్చిందని లోకులు వేసే నింద ఒకటి ఉండనే ఉంది.

ఈ వ్యాసం వ్రాస్తున్నవాడు కూడా ఆ కోవకు చెందినవాడే. రాజపాళయం దాటి తెన్‌కాశి దారిలో వచ్చే సేత్తూరులో కాపురం. పగలంతా ఆఫీసులో గుమాస్తా పని. చదువు మెట్రిక్యులేషనుతో సరి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. రాత్రి భోజనాలయ్యాక, ఇంటిల్లిపాదీ పడుకొన్న తర్వాత, నోటుబుక్కులో ఒక పేజీ. అలా మూడు నోటుబుక్కులు నిండాయి. నవల ఇంకా పూర్తి కాలేదు. కాబట్టి ఇక్కడ చెప్పేవి గట్టెక్కినవాడి ఉపదేశాలు కావు. ఏటి నడుమ ఈదుతున్నవాడు తోటి ఈతగాళ్లతో చెప్పుకొనే మాటలు.

ఈ ఆశ ఎందుకు పుడుతుంది?

చిన్న కథలో ఒక పెళ్లి పట్టవచ్చు. ఆ పెళ్లికి ముందు రెండు ఇళ్ల మధ్య ముప్పై యేళ్లు నలిగిన పొలం తగాదా, ఆ తగాదాకు మూలమైన బావి, ఆ బావి త్రవ్వించిన ముత్తాత, ఆయన ఏ దేశం నుంచి ఏ బండిలో వచ్చాడన్న పెద్దల కథ, ఇవన్నీ చిన్న కథలో ఇమడవు. దక్షిణాన స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇటువంటి పొడుగాటి జ్ఞాపకం లేని ఇల్లు అరుదు. అందుకే మనవాళ్లకు మొదటి పుస్తకమే పెద్ద పుస్తకం కావాలనిపిస్తుంది. అది గర్వం వల్ల వచ్చిన కోరిక కాదు. చెప్పవలసిన సంగతి అంత పొడుగుది.

పైగా మనం ఉన్న నేల కూడా ఊరకుండనిచ్చేది కాదు. పక్కనున్న శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథనే శ్రీకృష్ణదేవరాయలు "ఆముక్తమాల్యద"గా తెలుగులో వ్రాశాడు. 1706 నుంచి 1732 వరకు మధురనేలిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగు వచన గ్రంథాలు రచించాడు. ఆయన కొలువులోని సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినీ భారతాన్ని తెలుగు వచనంలో నడిపించాడు. పద్యమే కావ్యమని అందరూ అనుకొంటున్న రోజుల్లో, పొడుగాటి కథను వచనంలో చెప్పవచ్చునని చూపించినవారిలో మన మధురవారు ముందున్నారన్నమాట. తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో విశ్వనాథ సత్యనారాయణగారు "ఏకవీర" నవలకు నాయక రాజుల నాటి మధురనే రంగస్థలంగా చేసుకొన్నారు. ఇంత జరిగిన చోట ఉండి, "మన ప్రాంతం మీద తెలుగులో ఏం వ్రాస్తాం?" అనుకోవడం సబబు కాదు.

అనుమానాల జాబితా

ఆశ ఒకటైతే అనుమానాలు పది. వాటిలో ముఖ్యమైనవి నాలుగు. చదువు చాలదేమో. వయసు మించిందేమో. తీరిక లేదు. అన్నిటికన్నా పెద్దది నాలుగవది: ఏ భాషలో వ్రాయాలి, వ్రాస్తే ఎవరు చదువుతారు?

మొదటిదానికీ, నాలుగవదానికీ జవాబు మనకు దగ్గరలోనే ఉంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే నల్లరేగడి పల్లెటూరు. అక్కడ తెలుగు ఇంటి మాటగా గల రైతు కుటుంబంలో కి. రాజనారాయణన్ పుట్టారు. తమిళులు ఆయనను కి.రా. అని ముద్దుగా పిలుచుకొంటారు. హైస్కూలు చదువైనా పూర్తి చేయలేదు. సేద్యం చేశారు. రైతు ఉద్యమాలలో తిరిగి జైలుకూ వెళ్లారు. ఆయన కథలు పత్రికలలో రావడం 1950ల చివరి సంగతి. అప్పటికే ముప్పైలు దాటుతున్నాయి. మొదటి నవల "గోపల్ల గ్రామం" వెలువడింది 1976లో. అంటే యాభై దాటాక. ఒక పాలకుని కన్ను తమ పిల్ల మీద పడిందని తెలుగు దేశం విడిచి, రాత్రికి రాత్రి దక్షిణానికి తరలివచ్చిన జనం, అడవిని కాల్చి చదును చేసి ఊరు కట్టుకోవడం ఆ నవలకు ఆయువుపట్టు. ఆ వలస కథను నవలలో చెప్పేది నూరేళ్లు ఎప్పుడో దాటిన ఒక ముసలమ్మ. మన ఇళ్లలో దీపాలు పెట్టే వేళ పెద్దవాళ్లు చెప్పిన కథే సుమా అది!

ఆ పుస్తకం పెద్ద గ్రంథమేమీ కాదు. అయినా కథ అక్కడితో ఆగలేదు. పదేళ్లు దాటిన తర్వాత దాని కొనసాగింపుగా "గోపల్లపురత్తు మక్కళ్" వచ్చింది. దానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. అటు తర్వాత "అండమాన్ నాయకర్" కూడా వచ్చింది. హైస్కూలు పూర్తిచేయని మనిషిని పాండిచ్చేరి విశ్వవిద్యాలయం జానపద సాహిత్య ఆచార్యునిగా పిలిచి గౌరవించింది. 2021 మే 17న పుదుచ్చేరిలో ఆయన కన్నుమూశారు. పెద్ద నవల ఒక్కసారిగానే దిగాలన్న నియమం లేదని ఆయన పుస్తకాల వరుసే చెబుతున్నది. ముందు ఒక ఊరిని నిలబెట్టాలి. ఊరు నిలిస్తే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

అయితే ఆయన వ్రాసింది తమిళంలో. ఇక్కడే మనవారికి చిక్కు. "కి.రా. దారిలో తమిళంలో వ్రాయండన్నా, పదిమందీ చదువుతారు" అని ఆఫీసులో ఒక తమ్ముడు నాతో అన్నాడు. అందులో తప్పేమీ లేదు. కి.రా. తమిళాన్ని ఎన్నుకొన్నా, పుస్తకాల తమిళాన్ని ఎన్నుకోలేదు; తన కరిసల్ నేల మాటను ఎన్నుకొన్నారు. ఆ మాటలకు 1982లో ప్రత్యేకంగా ఒక నిఘంటువునే వెలువరించారు. కాబట్టి ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది, ఏ భాష అన్నది కాదు. ఎవరి నోటి మాట అన్నది.

నా మట్టుకు నాకు ఈ చిక్కు ఇలా తేలింది. నా నవలలోని మనుషులు నా చెవిలో ఏ భాషలో మాట్లాడుతున్నారో ఆ భాషలోనే వ్రాయడం. మా ఇంట్లో బడిని పళ్లికూడం అంటారు, దుకాణాన్ని కడ అంటారు. కోపం వస్తే తెలుగు, లెక్క చెబితే తమిళం. రాజమండ్రి పాఠకుడికి అది వింతగా తోస్తుందేమోనన్న భయం ఉంది. కాని మా అవ్వ చేత గోదావరి జిల్లా తెలుగు పలికిస్తే ఆమె మా అవ్వ కాకుండా పోతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు "మాలపల్లి"లో గుంటూరు ప్రాంతపు జనం మాటలను వాడినందువల్ల ఆ నవలకు లోటు రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరకే అనలేదు.

వయసు, తీరిక అనే అనుమానాలకు కూడా ఆ ఉన్నవవారే సమాధానం. ఆయన 1877లో పుట్టారు. బారిష్టరు. పల్నాటి పుల్లరి సత్యాగ్రహంలో శిక్ష పడి రాయవెల్లూరు జైలులో ఉన్నప్పుడు "మాలపల్లి" వ్రాశారు. అది 1922లో అచ్చయింది. అప్పటికి ఆయనకు నలభై నాలుగు, నలభై ఐదేళ్లు. నవలాకారుడని పేరు పొందినవారు కారు. అచ్చయ్యాక మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది కూడా. తీరిక చిక్కింది జైలులో. ఆదరణగా దొరికింది నిషేధం. మన ఇళ్లలో పిల్లల గోల, పక్కింటి టీవీ చప్పుడు దానితో పోలిస్తే ఏపాటివి?

ఇంకొక భయం వేగం గురించి. విశ్వనాథవారు "వేయిపడగలు" ఆశువుగా చెబుతుంటే వారి తమ్ముడు వ్రాశారనీ, నెల తిరగకుండానే పూర్తయిందనీ ప్రసిద్ధి. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమానాన్ని అడవి బాపిరాజుగారి "నారాయణరావు"తో పాటు ఆ నవల పంచుకొన్నది. ఈ సంగతి విన్న కొత్తవాడికి గుండె జారిపోతుంది. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి: వేయిపడగలు ఆయన తొలి నవల కాదు. "ఏకవీర" అంతకు ముందుది. చేయి తిరిగినవాడి పరుగును చూసి నడక నేర్చుకొనేవాడు బెంగపెట్టుకోరాదు.

మరి ఆలస్యమైతే? తమిళంలో తొలి నవలగా చెప్పుకొనే "ప్రతాప ముదలియార్ చరిత్రం" కథ వినండి. మాయూరం వేదనాయకం పిళ్లెగారు దానిని 1857లో వ్రాశారు. అచ్చయింది 1879లో. ఇరవై రెండేళ్లు! వ్రాతప్రతి పూర్తయి ఉన్నది కాబట్టే ఇరవై రెండేళ్లు ఆగగలిగింది. సగం వ్రాసిన పుస్తకం అలా ఆగలేదు. అది మనసులోనే చివికిపోతుంది.

అనుమానానికి కూడా వేళ ఉంది

ఆఫీసులో వచ్చిన కాగితాలన్నిటినీ ఒకే రోజు పరిష్కరించం. ఇవాళ చూడవలసినవి ఒక కట్ట, నెలాఖరుకు ఒక కట్ట, పై అధికారి సంతకానికి ఒక కట్ట. నవల అనుమానాలను కూడా ఇలాగే కట్టలు కట్టాలని నా అనుభవం.

ఇవాళ చూడవలసిన అనుమానాలు కొన్ని ఉన్నాయి. ఈ మనిషి ఇలా మాట్లాడతాడా? ఆ కాలంలో ఆ ఊరికి బస్సు ఉన్నదా? మొదటి అధ్యాయంలో పదేళ్ల పిల్ల, నాలుగేళ్ల తర్వాత జరిగే కథలో ఇరవై యేళ్లది ఎలా అయింది? ఇటువంటివి మేలు చేసే అనుమానాలు. వాటిని తోసిపుచ్చరాదు.

పూర్తయ్యాక చూడవలసినవి కొన్ని. మొదటి అధ్యాయం చప్పగా ఉందా? నడుమ సాగదీశానా? వీటిని మధ్యలో తీసుకొంటే మొదటి అధ్యాయాన్నే పదిసార్లు తిరగవ్రాస్తూ రెండవదానికి పోలేం. చాలామంది నవలలు ఆగిపోయేది ఇక్కడే. మొదటి ముప్పై పేజీలు ముత్యాల్లా ఉంటాయి, ముప్పైఒకటవ పేజీ ఉండదు.

ఇక మూడో కట్ట. ఎవరు అచ్చు వేస్తారు, అట్టమీద ఏ బొమ్మ, ఏ బహుమతికి పంపాలి, బంధువులు తమను గురించే వ్రాశానని అలుగుతారా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత వీటికోసమే పుట్టింది. ఈ కట్టను అటక మీద పెట్టడం మేలు.

కొన్ని పనికివచ్చే సంగతులు

గుమాస్తా బుద్ధితో చెబుతున్నాను, తప్పు పట్టకండి.

రోజుకు నూటయాభై మాటలు వ్రాస్తే చాలు. పండుగలు, జ్వరాలు, చుట్టాలు పోగా సంవత్సరానికి మూడు వందల రోజులు దక్కుతాయనుకొంటే నలభై ఐదు వేల మాటలవుతాయి. రెండేళ్లకు తొంభై వేలు. అచ్చులో పేజీకి రెండువందల యాభై మాటల చొప్పున అది మూడు వందల అరవై పేజీల పుస్తకం. నూటయాభై మాటలంటే ఇంటికి వ్రాసే ఒక మోస్తరు ఉత్తరం. పెద్ద నవల అనగానే కొండలా కనిపించేది ఇలా విభజిస్తే మెట్ల దారిగా మారుతుంది.

రెండవది రిజిస్టరు. ప్రతి పాత్రకు ఒక పేజీ: పేరు, పుట్టిన సంవత్సరం, ఎవరికి ఏమవుతారు, ఏ అధ్యాయంలో వచ్చారు. మన కుటుంబాలలో తాత పేరే మనుమడికి పెడతారు కాబట్టి ఈ రిజిస్టరు లేకపోతే నాలుగు తరాల కథలో తాతకూ మనుమడికీ తేడా తెలియకుండా పోతుంది.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. పెద్దవాళ్ల నోట వినడం. నా నవలలో ఒకచోట కపిలతో నీరు తోడే ఘట్టం వస్తుంది. నేను కరెంటు మోటార్ల కాలంలో పెరిగినవాణ్ణి. మా పెద్దమ్మకు ఎనభై దాటాయి. "పెద్దమ్మా, కపిల ఎట్ల తోలేవాళ్లు?" అని అడిగాను. "ఎందుకురా అబ్బాయా, ఇప్పుడు బావి తవ్విస్తావా?" అని నవ్వి, మొదలుపెట్టింది. ఎద్దులు వాలులో దిగుతుంటే బాన నిండి పైకి రావడం, తోలు తొండం నోరు తెరుచుకొని నీళ్లు తొట్టిలో భళ్లున పడడం, ఎద్దులు మళ్లీ వెనక్కు నడిచి గట్టెక్కడం, తెల్లవారుజామున ఆ చప్పుడు వినే ఆడవాళ్లు లేచి పొయ్యి రాజేయడం. ఏ ఎద్దు మొండిదో, దాని పేరేమో కూడా చెప్పింది. అరగంట మాటలు ఫోనులో రికార్డయ్యాయి. అందులో నాకు తెలియని తెలుగు మాటలు పదికి పైగా దొరికాయి. మా పెద్దమ్మ మనుమలు ఆమెతో తెలుగులోనే మాట్లాడతారు గాని, తెలుగు అక్షరం చదవలేరు. ఆమె తర్వాత ఆ మాటలు ఎవరి నోట ఉంటాయి?

ఈ ప్రశ్న దగ్గరే మన నవలకు అసలు పని ఉంది. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి పాఠం అయింది. ఉన్న రాష్ట్రపు భాష పిల్లలకు రావలసిందే. దాన్ని కాదనడం లేదు. కాని తెలుగు అక్షరం ఇక ఇంటి బాధ్యత. నా తెలుగు అక్షరాలు మా నాన్నగారు పెద్దబాలశిక్ష ముందు పెట్టి దిద్దించినవే. పెళ్లి పిలుపులు, పాటలు, సామెతలు విడివిడిగా ఎవరైనా సేకరించవచ్చు. మాట ఏ సందర్భంలో, ఎవరు ఎవరితో, ఏ కోపంతో, ఏ ప్రేమతో అన్నారో నిలిపి ఉంచగల పెద్ద సంచి నవల ఒక్కటే.

ఎవరు చదువుతారు?

అటక మీద పెట్టిన కట్టను చివరకు ఒకసారి దించక తప్పదు.

పూర్వం కూడా ఈ దిగులు ఉన్నదే. 1890లలో రాజమండ్రి నుంచి వెలువడిన "చింతామణి" పత్రిక నవలల పోటీలు పెట్టింది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి "రామచంద్ర విజయం" 1894లో అక్కడే బహుమతి పొందింది. పోటీ ఉన్నదని తెలిసి కలం పట్టినవారు అప్పుడు కొందరు. ఈ కాలంలో అమెరికాలోని తానా, ఆటా వంటి తెలుగు సంఘాలు నవలల పోటీలు నిర్వహించాయి. సముద్రం దాటిన తెలుగువారు చేసిన పని, మద్రాసు దాటిన తెలుగువారు చేయలేనిది కాదు. అచ్చు సంగతికి వస్తే, వెయ్యి ప్రతులు వేసి మంచం క్రింద కట్టలు పెట్టుకోవలసిన అవసరం ఇప్పుడు లేదు. అడిగినన్ని ప్రతులే అచ్చు వేసే పద్ధతి వచ్చింది. తెలుగు అక్షరం రాని మనుమలకు ఎవరైనా పుస్తకాన్ని గొంతుతో చదివి రికార్డు చేసి వినిపించవచ్చు. వినడానికి అక్షరం అక్కరలేదు గదా.

ఎంతమంది చదువుతారంటే, నేను లెక్కగట్టి చెప్పలేను. వందమంది కావచ్చు, ఇరవైమంది కావచ్చు. బుచ్చిబాబుగారు జీవితంలో ఒక్క నవలే వ్రాశారు, "చివరకు మిగిలేది". 1952లో పుస్తకంగా వచ్చిన ఆ ఒక్కటీ నేటికీ చదువుతూనే ఉన్నారు. అందరికీ అంత అదృష్టం పట్టదు. పట్టకపోయినా, పూర్తయిన పుస్తకం ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకనాడు, ఏ మనుమరాలో తెలుగు నేర్చుకొని విప్పుతుంది. వ్రాయని పుస్తకానికి ఆ అవకాశం కూడా లేదు.

మన సంఘానికి ఒక చిన్న మనవి. నెలకొకసారి సమావేశమైనప్పుడు, నవలలు వ్రాస్తున్నవారు ఒక్కొక్క అధ్యాయం చదివి వినిపించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. పొగడ్తలు వద్దు, "ఈ మాట మన ఇళ్లలో ఇలా అనరు" అని చెప్పగల ముసలివారు ఇద్దరు ముందు వరుసలో కూర్చుంటే చాలు. అనుమానం ఒంటరివాణ్ణి పట్టినట్టు నలుగురిలో ఉన్నవాణ్ణి పట్టదు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. సగంలో ఆగిన నోటుబుక్కులు ఎవరి బీరువాలో ఉన్నాయో వారికి తెలుసు. ఈ రాత్రికి నూటయాభై మాటలు చాలు.